చేపలకు పోసిన అమ్మవారు

ఆ డిసెంబరులో దాదాపు రెండు వారాలు మా ఇంట్లో తాలింపు వేయలేదు. పప్పు చప్పగా, చారు వెలవెలబోతూ, కూరలు ఉడికించి ఉప్పు చల్లి వదిలేసినట్టుగా ఉండేవి. ధనుర్మాసం కదా, అత్తయ్యగారికి ఏదో నోము ఉండి ఉంటుందని అనుకున్నాను. అడగలేదు. అడిగితే నోము కథ మొదటినుంచీ వినాలి. నాకేమో చేపల గొడవతో అప్పటికే తల ప్రాణం తోకకొచ్చి ఉంది. తాలింపు సంగతి మొదటి రోజే అడిగి ఉంటే ఒక చేప బతికి ఉండేది.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఒక ల్యాబ్‌లో రక్తం గొట్టాలకు లేబుళ్లు అంటించేదాన్ని. వాల్తేరులో జువాలజీ ఎమ్మెస్సీ చదివి, చేపల జబ్బుల పేపర్లో క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఈ లేబుళ్లేమిటని నా మీద నాకే కోపంగా ఉండేది. ఆ కోపం ఎప్పుడు ఎవరి మీద విరుచుకుపడుతుందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆరు నెలలు ఉండి వెళ్దామని అత్తయ్యగారు అక్టోబరులో వచ్చారు. మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది.

నా బెంగంతా ఆ పిల్ల గురించే. ఇంట్లో వాగుడుకాయ. బడి గుమ్మం దాటితే నోట్లో నాలుక లేనట్టే. నవంబరులో టీచరు నన్ను పిలిచి, మంచి పిల్లే కానీ ఇంతవరకు క్లాసులో ఒక్కసారైనా చెయ్యెత్తలేదని చెప్పింది. ఆ మాట నన్ను చాలా రోజులు తిననివ్వలేదు. అలాంటిది, సెలవులకు ముందు ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది. క్లాసులో ఒక అక్వేరియం ఉంది, అందులో తొమ్మిది చేపలు. సెలవుల్లో బడిలో హీటింగ్ తగ్గించేస్తారు కాబట్టి ఎవరో ఒకరు వాటిని ఇంటికి తీసుకెళ్లాలి. ఎవరు తీసుకెళ్తారని టీచరు అడిగితే మా అమ్మాయి చెయ్యెత్తిందట.

"తొమ్మిదీ మళ్లీ తీసుకొస్తా అని ప్రామిస్ చేశాను మమ్మీ. క్లాస్ అంతా విన్నారు," అంది.

"తొమ్మిదీ వెళ్తాయి. నేను చూస్తాను," అన్నాను. అంత ధీమాగా అన్నది నా చదువు చూసుకుని.

ఆ శుక్రవారం బయట ఎముకలు కొరికే చలి. అక్వేరియం నీళ్లు చాలావరకు తోడేసి డిక్కీలో పెట్టాం. చేపల్ని మూత ఉన్న బకెట్‌లో వేసి వెనక సీటు కింద పెట్టాం. దారిలో పాలు లేవని గుర్తొచ్చి ఒక స్టోర్ దగ్గర ఆగాను. "ఫిష్‌కి కోల్డ్ అవ్వదా మమ్మీ?" అని అడిగింది. "ఏం కాదు, అయిదు నిమిషాలే," అన్నాను. సెలవుల ముందు శుక్రవారం కదా, లోపల క్యూ కొండవీటి చాంతాడంత ఉంది. మేం తిరిగి వచ్చేసరికి కారు అద్దాల మీద లోపలి వైపు కూడా మంచు పేరుకుంది. బకెట్‌లో వేలు పెట్టి చూసి, గబుక్కున మూత వేసేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున్నే చూస్తే చేపల మీద తెల్ల చుక్కలు. రెక్కల మీద, తోకల మీద, కళ్ల పక్కన, రవ్వ చల్లినట్టుగా. చేపలు గులకరాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నాయి. చూడగానే గుర్తుపట్టాను. పరీక్షలో నాలుగు పేజీలు రాసిన జబ్బే అది.

ఆ చుక్కలు మచ్చలు కావు. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, దాని ఆరోగ్యమంతా ఆ పొరలోనే ఉంది. చేప చలికి వణికినా, బెదిరినా ఆ పొర బలహీనపడుతుంది. అప్పుడు కంటికి కనిపించనంత చిన్న పురుగు దాని కింద దూరి కూర్చుంటుంది. మనకు కనిపించే చుక్క దాని ఇల్లు. అందులో ఉన్నంతకాలం ఏ మందూ దాన్ని అంటదు. తిని బలిసి, కిందకి రాలి, గులకరాళ్లలో పడి, ఒకటి కాస్తా వందలై, మళ్లీ ఈదుకుంటూ చేపను వెతుక్కుంటుంది. అలా ఈదే కాసేపట్లోనే మందు దాన్ని చంపగలదు. నీళ్లు చల్లగా ఉంటే ఈ తతంగం వారాలు సాగుతుంది, వెచ్చగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో ముగుస్తుంది. అందుకని దీనికి వైద్యం మొదలుపెట్టాల్సింది వేడితోనే. ఫారెన్‌హీట్ లెక్కలో డెబ్బై ఆరు డిగ్రీలున్న నీళ్లను మెల్లమెల్లగా ఎనభై ఆరు దాకా తీసుకెళ్లాలి. చర్మం తేరుకోవడానికి కాస్త ఉప్పు వేయాలి. ఈదే పురుగుల కోసం నీలం మందు.

ఇదంతా అత్తయ్యగారికి వివరంగా చెప్పి ఉండాల్సింది. ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి అక్వేరియం ముందు నిలబడి, "ఏంటమ్మా, వీటి ఒంటి నిండా ఈ పొక్కులేంటి?" అని అడిగారు. నాకు ఆఫీసుకి టైమైపోతోంది. ఒక కాలు బూటులో ఉంది.

"చేపలకొచ్చే ఆటలమ్మ లెండి," అనేసి వెళ్లిపోయాను.

ఆ రోజు ఇంటికి వస్తూ మందూ, కొత్త థర్మామీటరూ కొన్నాను. నీలం మందు చుక్కలు లెక్కపెట్టి వేశాను. హీటర్ అంటే ఒక గాజు గొట్టం, పైన తిప్పే మర, లోపల వెలిగే ఎర్ర దీపం. మర తిప్పి దీపం వెలిగించాను. మర్నాటి పొద్దుటికి వేడి చక్కగా ఎక్కింది. సాయంత్రం వచ్చి చూస్తే మళ్లీ డెబ్బై ఆరు. గురువారమూ అంతే. పైగా పొద్దున నీలంగా ఉన్న నీళ్లు సాయంత్రానికి పచ్చగా తిరిగేవి. నాచు పట్టిందనుకుని గాజు పలకలు తోమాను. హీటర్ పాడైందనుకుని ఇంకొకటి తెచ్చాను. అదీ అంతే. చుక్కలు కాస్త తగ్గినట్టే తగ్గి, రెట్టింపు అయ్యేవి. నాకు పట్టుదల పెరిగింది. ఒక పురుగు నా ఎమ్మెస్సీని వెక్కిరిస్తోందా అని పాత నోట్సు బయటికి తీశాను. మా ఆయన మాత్రం, "అమ్మా, పోపు వేయడం మర్చిపోయావా?" అని రోజూ అడుగుతున్నారు. "కొన్నాళ్లు ఇంతేరా," అంటున్నారావిడ. పండక్కి వస్తామన్న స్నేహితులకు కూడా ఆవిడే ఫోన్‌లో ఇప్పుడు రావద్దని చెప్పేశారు. పెద్దావిడకు చలికాలం ఓపిక లేదనుకున్నాను.

క్రిస్మస్‌కీ, ఆ శని ఆదివారాలకీ నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజుల్లో వేడి ఎనభై ఆరు దగ్గర కదలకుండా నిలబడింది. సోమవారం ఆఫీసుకి వెళ్లొచ్చేసరికి మళ్లీ పడిపోయింది. అప్పుడు వెలిగింది నాకు. హీటర్‌కి సెలవు రోజులు తెలియవు కదా. మంగళవారం సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం పన్నెండింటికి చప్పుడు కాకుండా తలుపు తీశాను.

హీటర్ ప్లగ్గు కార్పెట్ మీద పడి ఉంది. ఎర్ర దీపం లేదు. అక్వేరియం మూతకి ఎండు వేపాకు కట్ట వేలాడుతోంది. అత్తయ్యగారు ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న వేపాకు అది. ముందు చిన్న గిన్నెలో పెరుగన్నం. మా అమ్మాయి పసుపు డబ్బాలోంచి చిటికెడు తీసి జాగ్రత్తగా నీళ్లలో చల్లుతోంది. నీలంలో పసుపు కలిస్తే పచ్చ అవుతుందని ఆ పిల్ల చదివే క్లాసులోనే నేర్పుతారు. నాకు తట్టలేదు.

"ఎవరు పీకారిది?" అన్నాను.

"నానమ్మ చెప్పింది మమ్మీ. అమ్మవారు వస్తే హాట్ చేయకూడదంట. కూల్‌గా ఉంచితే అమ్మవారు గో అవే అవుతుందంట. నీకు చెప్తే కోపం అవుతావని..."

అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "నువ్వే కదమ్మా ఆటలమ్మ అన్నావు," అన్నారు. "ఆటలమ్మ పోసిన ఇంట్లో పోపు కూడా పెట్టం. నువ్వేమో నీళ్లు మరగబెడతన్నావు. అందుకే నువ్వు వెళ్లగానే తీసేసి, నువ్వొచ్చే వేళకి పెట్టేస్తన్నా."

నాకు ముక్కు మీద కోపం అని అందరూ అనేవారు. ఆ రోజు అది ముక్కు దాటింది. చదువు లేకపోతే లేకపోయింది, నోరుంది కదా, నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా అన్నాను. పిల్ల పరువు పోయేలా చేశారన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ పెరుగన్నం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను ప్లగ్గు పెట్టి, నీళ్లు సగం మార్చి, మందు మళ్లీ వేశాను. సాయంత్రానికి అన్నిటికంటే చిన్నదైన నారింజ రంగు చేప పక్కకి ఒరిగి పైకి తేలింది.

మా అమ్మాయి ఏడవలేదు. వేళ్లు మడిచి ఎనిమిది లెక్కపెట్టి, నావైపు చూసింది.

"మీ నానమ్మ చేసిన పని," అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అది చలిలో కారు ఆపి పాల కోసం క్యూలో నిలబడ్డ మనిషి అన్న మాట.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఎప్పటిలా కాఫీ ఇవ్వడానికి రాలేదు. గదిలోకి వెళ్లాను. మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఆవిడ మొహం నిండా మచ్చలుండేవి, చిన్నప్పుడు పోసిన పెద్దమ్మవారి గుర్తులు. మా అమ్మాయి చెంపలు పట్టుకుని వాటిని లెక్కపెట్టేది. పెళ్లయి అన్నేళ్లయినా నేను మాత్రం వాటి గురించి ఒక్క మాట అడిగి ఎరగను.

"నిన్న అలా అనకుండా ఉండాల్సింది అత్తయ్యా," అన్నాను.

"నువ్వన్నది నిజమే కదమ్మా. చదువు లేదు. కానీ నేను చదువు లేక చేసిన పని కాదది," అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడకి తొమ్మిదేళ్లు, చెల్లెలికి అయిదు. ఇద్దరికీ ఒకేసారి అమ్మవారు పోసింది.

"నాకు తగ్గుముఖం పట్టింది. దానికి ఎక్కువైంది. చలేస్తందే అక్కా, చలేస్తందే అక్కా అని ఒకటే వణుకు. అమ్మ దొడ్లో ఉంది. నేను వంటింట్లో కుంపటి తెచ్చి దాని మంచం పక్కన పెట్టాను. చేతులు చాపి కాచుకుంది. నవ్వింది కూడా. తెల్లారేసరికి పోయింది. మా మేనత్త ఆ కుంపటి చూసి, అమ్మవారున్న చోట నిప్పు పెట్టిందెవరే, పిల్లని పొట్టన పెట్టుకున్నారు కదే అంది. నేను నోరు మెదపలేదు. మీ మావయ్యగారిక్కూడా చెప్పలేదు. నువ్వు ఆ ఎర్ర దీపం వెలిగించినప్పటి నుంచీ నాకు నిద్ర లేదమ్మా."

నేను కింద కూర్చున్నాను. నాకు ఓదార్చడం చేతకాదు. తెలిసింది చెప్పడం ఒక్కటే చేతనవును. "కుంపటి వల్ల కాదు అత్తయ్యా," అన్నాను. "ఆ జబ్బు చంపితే చంపుతుంది, వదిలితే వదులుతుంది. అప్పట్లో దానికి మందే లేదు. కుంపటి పెట్టినా, పెట్టకపోయినా ఒకటే. వణుకుతున్న పిల్ల కాసేపు చలి కాచుకుంది. మీరు చేసింది అంతే."

"నా మనసు కోసం అంటన్నావు."

"ఎవరి మనసు కోసమైనా నేను మాట మార్చడం మీరెప్పుడైనా చూశారా?"

ఆవిడ ఆలోచించారు. "లేదులే," అన్నారు. ఆ ఇంట్లో నా నోటికి దొరికిన ఒకే ఒక్క మెప్పు అది.

అప్పుడు నేను కూడా కారు సంగతి చెప్పేశాను. పాలు, క్యూ, అద్దాల మీది మంచు, బకెట్‌లో నా వేలు. చెప్తుండగా మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆగుదామా అనుకున్నాను, ఆగలేదు. "నువ్వు అడిగావు, ఫిష్‌కి కోల్డ్ అవ్వదా అని. నేను ఏం కాదన్నాను. చుక్కలొచ్చింది ఆ చలి వల్లే. వేడి ఎందుకో నానమ్మకి చెప్పకుండా వెళ్లిపోయింది కూడా నేనే. నిన్న నానమ్మ గురించి అన్న మాట తప్పు," అన్నాను. పిల్ల వెళ్లి నానమ్మ ఒళ్లో కూర్చుంది. నా ఒళ్లోకి రాలేదు. సబబే అనుకున్నాను.

"ఇంకా ఎనిమిదున్నాయి," అన్నాను లేచి. "సోమవారం బడి తెరిచేదాకా టైముంది. రండి అత్తయ్యా, ఈసారి ప్లగ్గు మీరే పెట్టండి."

ముందు రోజు నేను పెట్టిన ప్లగ్గును మళ్లీ తీసి ఆవిడ చేతికిచ్చాను. రెండు సార్లు గోడకి తగిలించి, మూడోసారికి పెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. ఆవిడ అరచెయ్యి గాజుకి ఆనించి అక్కడే కూర్చున్నారు. ఎనభై ఆరు డిగ్రీలంటే ఎంతో ఆవిడకి తెలియదు. రెండు రోజుల్లో చెయ్యి పెట్టి థర్మామీటరు కంటే ముందు చెప్పడం నేర్చుకున్నారు. చుక్క ఎందుకు రాలుతుందో, రాలినంత మాత్రాన తగ్గినట్టు ఎందుకు కాదో, అడుగున గులకరాళ్లు ఎందుకు కడగాలో ఈసారి అన్నీ చెప్పాను. ఆవిడ మళ్లీ మళ్లీ అడిగారు, నేను విసుక్కోకుండా చెప్పాను. నాకది మామూలు సంగతి కాదు. వేపాకు కట్ట మాత్రం తీయనన్నారు. నీళ్లలో పడనంతవరకు ఉండనిమ్మన్నాను. పసుపు మానేశారు. తాలింపు మొదలుపెట్టలేదు.

నేను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే నానమ్మా మనవరాలూ కలిసి రిపోర్టు ఇచ్చేవారు. "నల్లదాని వీపు మీద ఇంకా రెండున్నాయి. గీతలదాని తోక మీద ఒకటే," అని ఆవిడ. "ఒళ్లు రుద్దుకోవట్లేదు మమ్మీ, మంచిగా తింటున్నాయి," అని ఈ పిల్ల. శుక్రవారానికి ఒక్క చుక్క కూడా కనబడలేదు. ఇంక మందు ఆపేద్దామా అంటే ఆవిడే, "రాలినంత మాత్రాన తగ్గినట్టు కాదన్నావుగా, ఆపకు," అన్నారు. ఆదివారం కిటికీలోంచి పడ్డ ఎండలో చేపల చర్మం కొత్త గాజుల్లా తళతళలాడింది.

మా ఆయన దగ్గర మరో ఉపాయం ఉంది. "షాపులో అచ్చం అలాంటి నారింజ చేపలు బోలెడున్నాయి. ఒకటి తెచ్చి వేసేస్తే తొమ్మిది అవుతాయి. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నిజం చెప్తున్నాను, నాకు ఆశ పుట్టింది. పిల్ల చెయ్యెత్తి ఇచ్చిన మాట నిలబడుతుంది, మళ్లీ చెయ్యెత్తుతుంది. కారు తాళాలు కూడా చేతిలోకి తీసుకున్నాను.

"అది వేరే ఫిష్ డాడీ," అంది మా అమ్మాయి.

అత్తయ్యగారు అక్వేరియం మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూశారు. నోరు మెదపకుండా యాభై ఏళ్లు మోసిన మనిషి అలా చూస్తుంటే తాళాలు వెనక్కి పెట్టేశాను. "రేపు నేనూ క్లాసులోకి వస్తాను. నువ్వు కాదు, నేనే చెప్తాను," అన్నాను పిల్లతో.

సోమవారం కారును ముందే పావుగంట వేడి చేశాను. బకెట్‌కి దుప్పటి చుట్టాం. దారిలో ఎక్కడా ఆగలేదు. చేపల్ని వాటి నీళ్లలో వదిలాక, పిల్లలందరి ముందు నిలబడి, నా వాల్తేరు ఇంగ్లీషులో చెప్పాను. ఒక చేప చనిపోయింది, దాన్ని నేను చలి కారులో వదిలేశాను, తప్పు నాది, మీ స్నేహితురాలిది కాదు. చర్మం మీద చుక్క ఎలా వస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. ఉద్యోగంలో చేరాక నా చదువు ఒకరికి ఉపయోగపడింది ఆ రోజే. ముందు బెంచీలో ఒక పిల్ల, అంత వేడికి చేపలు చచ్చిపోవా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. మా అమ్మాయిది.

"మా గ్రాండ్‌మా రోజంతా చెయ్యి పెట్టి చూసింది," అని ఇంగ్లీషులో చెప్పింది. "షివర్ అయ్యేవాళ్లని వార్మ్‌గా ఉంచాలి. దానివల్ల ఎవరూ చావరు."

ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు తలకి పోసుకుని, తడి జుట్టు వీపు మీద వదిలేసి, ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే, "పిల్లనేమన్నా అన్నారా?" అని అడిగారు.

"ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ చెయ్యెత్తింది."

"ఏం చెప్పింది?"

చెప్పాను. పిల్ల అన్న ఇంగ్లీషు మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులో పెట్టి చెప్పాను.

"ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు.

"వణికేవాళ్లని వెచ్చగా ఉంచాలి. దానివల్ల ఎవరూ చావరు."

మూడోసారి కూడా చెప్పించుకున్నారు. కొంగుతో మొహం తుడుచుకుని, లేచి వంటింట్లోకి వెళ్లి, మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె కాగాక ఆవాలు వేశారు.